నలభై ఒకటో నిమిషంలో నాన్న

అక్టోబర్ 6, శనివారం

ఈ వారం కొన్న సినిమా డిస్కులు రెండు.

ఒకటి, ‘వేడినీళ్ళ సత్రం’ సినిమాలు ఎనిమిదీ కలిపి ఒకే పెట్టెలో. పెట్టె దేవదారు చెక్కది. మూత తీయగానే వాసన గుప్పుమంది. ఏదో పాత సత్రం స్నానపుతొట్టిని విప్పి ఆ చెక్కతోనే చేశారని లోపల చీటీ పెట్టారు. అరగంటసేపు వాసన చూస్తూ కూర్చున్నాను. సినిమాలు ఇంకా చూడలేదు గాని, ఈ ఏడాది వచ్చినవాటిలో ఇదే మేలైన విడుదల అని చెప్పడానికి నాకే సందేహమూ లేదు.

రెండోది ‘ఉప్పుమూట సమురాయ్’. మూకీ సినిమా, కొత్తగా పియానో చేర్చారు. వాయించినాయన సినిమా చూశాడని నేను నమ్మను. తల తెగిపడే చోట పెళ్ళివారి సందడి, పెళ్ళి దగ్గర నిశ్శబ్దం. టీ తాగడానికి లేచి వెళ్ళి ఉంటాడు. నలుపు మాత్రం అద్భుతంగా దిగింది. కథంతా చీకట్లో జరుగుతుంది కాబట్టి ఇంకేమీ దిగలేదు.

అసలు వార్త ఇది. నవంబర్ 2న ‘సురుగా రాక్షసి జబురాన్’ వస్తోంది. అసలు నెగటివ్ నుంచి, 4K లో. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట మా యాయిజు రేవులో తీసిన సినిమా. మూడు కాపీలకు చెప్పాను.

హమమత్సు నుంచి చెల్లెలు మిత్సుయో ఫోన్ చేసి మూడెందుకని అడిగింది. చూడడానికి ఒకటి, విప్పకుండా దాచడానికి ఒకటి, ఇంకా భక్తి కుదరని వాళ్ళకి ఇచ్చి దారిలో పెట్టడానికి ఒకటి అన్నాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు, ఈ దేశంలో సినిమా మీద గౌరవం ఉన్న ప్రతివాడూ చేసేదే. ఇంట్లో ఉన్నది ఇద్దరు, అందులో ఒకరికి కళ్ళు కనపడవు, మూడు కాపీలేమిటి అన్నయ్యా అని అది నవ్వింది. దానికి దాచుకునే గుణం లేదు. మొగుణ్ణి కూడా విప్పి వాడేసింది.

అక్టోబర్ 8, సోమవారం

అమ్మ కళ్ళ ఆపరేషన్‌కి ఒప్పుకుంది.

పదేళ్ళుగా డాక్టరు చెబుతున్నాడు, శుక్లాలు తీసేద్దామని. ఎనభై మూడేళ్ళొచ్చాయి, చూడవలసినవన్నీ చూసేశాను, ఇక చూసేదేముంది అనేది. నిన్న భోజనం దగ్గర జబురాన్ సంగతి చెప్పాను. చారు గిన్నె కింద పెట్టి, ఈసారి మీ నాన్న ముఖం స్పష్టంగా వస్తుందా అని అడిగింది. కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు అన్నాను.

“అయితే డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఆయన ముఖం చూసి ఒక్క మాట అడగాలి నేను.”

ఏం మాట అని అడిగితే చెప్పలేదు.

నవంబర్ 18న నాన్న ముప్పైమూడో ఏటి పూజ. అదే ఆఖరుది. ఆ తర్వాత ఆయన విడిగా ఉండడు, ఇంటి పెద్దలందరిలో కలిసిపోతాడు. విడిగా ఉన్నప్పుడే అడగాలి కాబోలు.

అక్టోబర్ 11, గురువారం

ఎడమ కన్ను అయింది. డిస్కులేమీ రాలేదు.

అక్టోబర్ 13, శనివారం

జబురాన్ అభిమాన సంఘం పత్రికకి వ్యాసం పంపాలి. చిత్తు ఇక్కడే రాసుకుంటున్నాను.

మా నాన్న మకితా కిజిరో చేపల మార్కెట్లో మంచు దిమ్మలు మోసేవాడు. 1979 ఆగస్టులో జబురాన్ తీయడానికి వచ్చినవాళ్ళు మార్కెట్లో మనుషుల్ని కొందరిని పిలుచుకున్నారు. ఆ తర్వాత ఒక రోజు నాన్న అన్నం తింటూ, “నేనూ ఉన్నాను అందులో. కనిపెట్టండి చూద్దాం” అన్నాడు. సినిమా హాలులో మా పక్కనే కూర్చుని తనలో తను నవ్వుకున్నాడు. మేము కనిపెట్టలేకపోయాం. ఎన్నిసార్లు అడిగినా, సరిగ్గా చూడండి అనేవాడు తప్ప చెప్పలేదు. 1986లో గుండె ఆగి పోయాడు.

ఫోటో ఒక్కటీ లేదు. 82 వరదలో ఆల్బమ్ తడిసి ముద్దయింది. ఆ తర్వాత కెమెరా కనిపిస్తే ఆయన ముఖం తిప్పుకునేవాడు. అలాంటి సమయంలో 1987లో జబురాన్ టేపు అమ్మకానికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళవాణ్ణి, వారం రోజులు ఆపి ఆపి చూశాను. నలభై ఒకటో నిమిషం పదిహేడో సెకనులో జనం పరుగెడుతుంటారు. వెనక సాకే కొట్టు. దాని ముందు పరుగెత్తకుండా నిలబడి ఉన్న గోధుమరంగు మనిషి ఒకడు. రాక్షసి వస్తోంటే కూడా పరుగెత్తడు. అచ్చంగా మా నాన్నే అది.

ఫోటో స్టూడియో త్సుకహరా గారు టీవీ తెరకి ఫోటో తీసి, ముఖం కత్తిరించి, మామూలుగా అందరికీ చేసినట్టే దాని కింద కుటుంబ ముద్రల నల్ల కిమోనో అతికించి పటం కట్టి ఇచ్చారు. నుదుటి మీద టేపు గీత ఒకటి పడింది. చెరిపేయనా అని అడిగితే అమ్మ వద్దంది. ఆయనకి అక్కడ ముడత ఉండేదట.

ఆ తర్వాత వచ్చిన విడుదలల వివరం:

1993, లేజర్ డిస్కు. నాన్న తల మీద టోపీ కనిపించింది. గడ్డి టోపీ. మార్కెట్లో అందరూ పెట్టుకునేవాళ్ళు.

2002, డీవీడీ. చేతిలో ఏదో పట్టుకున్నాడని తేలింది. టీ సీసా.

2011, బ్లూ-రే. పొట్ట వచ్చింది. నాన్న సన్నగా కర్రలా ఉండేవాడు కదా అని మిత్సుయో అడ్డం వచ్చింది. లోపల స్వెటర్లు వేసుకున్నాడు అన్నాను. ఆగస్టులోనా అంది. నాన్నకి చలి ఎక్కువ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటానని దెప్పి ఫోన్ పెట్టేసింది.

ప్రతి విడుదలకీ నాన్న కొంచెం కొంచెంగా మా దగ్గరికి వస్తున్నాడు. వ్యాసం ఈ వాక్యంతో ముగిస్తాను.

అక్టోబర్ 20, శనివారం

కొత్త టీవీ వచ్చింది. పాతదానికి ఒకటిన్నర రెట్లు. అమ్మ గదిలో, పూజ అర పక్కనే పెట్టించాను. పరీక్షకి సత్రం మూడో భాగం వేశాను. స్నానాల సన్నివేశంలో ఆవిరి ఎంత స్పష్టంగా ఉందంటే వెనక మనుషులు కనపడలేదు. గొప్ప పని.

అక్టోబర్ 25, గురువారం

కుడి కన్ను కూడా అయింది. నల్లద్దాలు ఇచ్చారు. నవంబర్ పది వరకూ టీవీ చూడకూడదు.

అక్టోబర్ 28, ఆదివారం

అమ్మ అద్దాలు పైకెత్తి ఇల్లంతా చూస్తోంది. నా నెత్తి మీద జుట్టు ఎప్పుడు పోయిందని అడిగింది. 2004 అన్నాను. పొయ్యి వెనక గోడ చూసి, ఇన్నేళ్ళు ఇక్కడా వండాను అని ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత పటం ముందు చాలాసేపు కూర్చుంది.

“నాకు చూపు వచ్చింది గాని, ఈయనకి ఇంకా ముఖం రాలేదురా.”

వచ్చే శుక్రవారం వస్తుంది అన్నాను.

నవంబర్ 2, శుక్రవారం

వచ్చాయి. మూడూ.

పై తొడుగు మందం, గీత పడని కాగితం. వీపు మీద అక్షరాలు పాత పోస్టరువే. లోపల అరవై పేజీల పుస్తకం, రేవు పటం, చిన్న జబురాన్ తోక ముక్క రబ్బరుతో. తోక ముక్క మూడూ ఒకే రంగులో లేవు. దాచే కాపీకి ముదురుది ఉంచాను.

విప్పలేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంది.

నవంబర్ 3, శనివారం

సెలవు. విప్పలేదు. చేతులు సరిగ్గా ఆరలేదు.

నవంబర్ 4, ఆదివారం

చూశాను. టీవీ అమరిక ఎక్కడో తప్పింది.

నవంబర్ 5, సోమవారం

అమరిక సరిగ్గానే ఉంది. డిస్కులో లోపం. అరుదుగా జరుగుతుంది. నాలుగు వేలకి ఒకటి.

నవంబర్ 6, మంగళవారం

భక్తి కుదరనివాళ్ళకి ఇచ్చే కాపీ విప్పి చూశాను. అందులోనూ అంతే. దాచేదాన్ని విప్పలేదు. అంత దిగజారలేదు.

ఏమి కనిపించిందో రాయాలి. రాస్తేనే తేలుతుంది.

గడ్డి టోపీ ఉంది. చేతిలో సీసా ఉంది, అది సాకే సీసా. రెండో చేతిలో అప్పుల పుస్తకం. పెద్ద పొట్ట, పొట్ట మీద బొడ్డు. గుండ్రటి కళ్ళు, మూతి ముందుకి పొడుచుకొచ్చి ఉంది. కింద మరో చోట కూడా చాలా స్పష్టంగా, చాలా పెద్దదిగా ఉంది. అది ఇక్కడ రాయను. సాకే కొట్ల ముందు అదృష్టానికి పెట్టే మట్టి తనుకి బొమ్మ అది. నక్కలాంటి, తోకున్న మృగం. ఊళ్ళో ప్రతి కొట్టు ముందూ ఒకటి ఉంటుంది. పరుగెత్తకపోవడంలో వింతేమీ లేదు.

ముప్పై ఒక్కేళ్ళుగా మేము రోజూ పొద్దున్న వేడన్నం పెట్టి అగరొత్తి వెలిగిస్తున్నది దానికి. కిమోనో కూడా తొడిగాం.

నవంబర్ 7, బుధవారం

లేదు. డిస్కు వేసిన కంపెనీవాళ్ళు ఏదో చేశారు. ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏదైనా చేర్చవచ్చు. జాబు రాశాను. చాలా మర్యాదగానే రాశాను. 41 నిమిషాల 17 సెకన్ల దగ్గర అసలు సినిమాలో నిలబడి ఉన్న మనిషిని తొలగించి, ఆ స్థానంలో మృగం బొమ్మను ఏ ఉద్దేశంతో చేర్చారో తెలుపవలసిందని.

అమ్మ ఎప్పుడు ఎప్పుడని అడుగుతోంది. పదో తారీఖు దాకా డాక్టరు వద్దన్నాడుగా అన్నాను.

నవంబర్ 10, శనివారం

కంపెనీ నుంచి జవాబు:

‘తమరు సూచించిన చోట అసలు నెగటివ్‌ను మా ముగ్గురు నిపుణులు మళ్ళీ పరిశీలించారు. అక్కడ ఉన్నది మట్టిబొమ్మ. దానిని మేము చేర్చలేదు. అది ఇంత స్పష్టంగా కనిపించినందువల్ల తమకు కలిగిన మనస్తాపానికి హృదయపూర్వకంగా క్షమాపణలు చెప్పుకుంటున్నాము.’

జతగా జబురాన్ బొమ్మ వేసిన తువ్వాలు పంపారు.

వెంటనే రెండో జాబు రాశాను. తరువాతి విడుదల ఏదైనా ఉంటే, ఆ ఒక్క సెకను కొంచెం మసకగా ఉంచే అవకాశం ఉందా అని. ముప్పై ఏళ్ళు స్పష్టత కోసం పోట్లాడిన చేత్తో రాశాను ఆ మాట.

డాక్టరు గడువు పదిహేను దాకా పెంచాడని అమ్మకి చెప్పాను. డాక్టరుకి చెప్పలేదు.

నవంబర్ 11, ఆదివారం

సంఘంలో నాకన్నా తెలిసినవాడు నుమత ఒక్కడే. పళ్ళ డాక్టరు. ఇంటికి పిలిచి, అమ్మ ఎండలో కూర్చున్న సమయంలో ఆ సెకను చూపించాను. అదేమిటో నేను ముందు చెప్పలేదు. తెర దగ్గరికి వెళ్ళి, నా నోట్లో చూసినట్టే చూశాడు.

“మంచి తనుకి మకితా గారూ. పాతకాలం పని. ఇప్పుడు ఇలాంటివి చెయ్యరు.”

నాన్న పోలికలేమైనా కనిపిస్తున్నాయా అని అడిగాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కదండీ అన్నాడు. పటం చూపించాను. పటాన్నీ తెరనూ మార్చి మార్చి చూసి, పోలిక బాగానే ఉందండి అని ఒప్పుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇరవై ఏళ్ళ స్నేహంలో అలా ఎప్పుడూ వెయ్యలేదు.

నవంబర్ 13, మంగళవారం

మధ్యాహ్నం సాకే కొట్టు దాకా నడిచి వెళ్ళాను. బొమ్మ అక్కడే ఉంది. చెవి ఒకటి విరిగింది. తాతగారి హయాం నుంచీ అక్కడే ఉందని కొట్టాయన చెప్పాడు. ఊళ్ళోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఎన్నివందల సార్లు ఆ దారిన పోయి ఉంటానో. టీవీలో తప్ప దాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

చూస్తూ ఉండగానే నడుం దానంతట అదే వంగింది. చేతులు జోడించేశాను. ముప్పై ఒక్కేళ్ళ అలవాటు. కొట్టాయన లోపలికి వెళ్ళి భార్యను పిలుచుకొచ్చాడు.

నవంబర్ 14, బుధవారం

పటాన్ని శుభ్రం చేయించే వంకతో త్సుకహరా స్టూడియోలో పడేసి వచ్చాను. పెద్దాయన పోయి చాలా కాలమైంది. కొడుకు పటం తిప్పి చూసి, మా నాన్న చేసిన వాటిలో మాకు అర్థం కానిది ఇదొక్కటేనండీ అన్నాడు.

నవంబర్ 15, గురువారం

గడువు ఈ రోజే. ఇంకా పెంచే ధైర్యం లేదు. ఒక ఉపాయం తట్టింది. రేపు.

నవంబర్ 16, శుక్రవారం

నన్ను చెప్పుతో కొట్టాలి.

అమ్మ పొద్దున్నే తలంటుకుని, బూడిదరంగు పట్టు కిమోనో కట్టుకుని తెర ముందు కూర్చుంది. కొత్త డిస్కు పెట్టె చేతికిచ్చాను, తడిమి చూసుకుంది. ఆమె చూడకుండా 87 టేపు వేశాను. కొత్త డిస్కు ఇదే అన్నాను. మసక బొమ్మలో నాన్న నాన్నలాగే ఉంటాడు, పూజ అయిపోతుంది, అంతటితో ఆయన పెద్దల్లో కలిసిపోతాడు, ఇక ఎవరూ అడగరు. ఇదీ నా ఉపాయం.

నలభై ఒకటో నిమిషం వచ్చింది. ఆపాను. అమ్మ ముందుకి వంగింది. కళ్ళు నలుపుకుంది. ఒక కన్ను మూసి చూసింది, రెండోది మూసి చూసింది. తర్వాత నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగింది.

“ఒరేయ్ యసునోరీ, నా కళ్ళు మళ్ళీ పోయాయా?”

పొద్దున్న బాగానే ఉన్నాయిరా, నీ గడ్డం కూడా కనిపించింది, ఇప్పుడే పోయాయి అంటూ ఏడవడం మొదలుపెట్టింది. కళ్ళలో మందు పోసుకున్న మనిషి ఏడవకూడదని డాక్టరు చెప్పాడు. అది టేపు అమ్మా, నీ కళ్ళు బాగానే ఉన్నాయి, నేనే అబద్ధం చెప్పాను అన్నాను. ఎందుకు చెప్పావంది. రేపు మిత్సుయో వచ్చాక అసలుది వేస్తాను అన్నాను. అమ్మ కిమోనో మార్చుకోవడానికి లేచింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

నవంబర్ 17, శనివారం

అంతా వరసగా రాస్తాను. ఒక్క మాట కూడా వదలను.

మిత్సుయో పది గంటలకి వచ్చింది. డిస్కు వేయకముందే దానికి వంటింట్లో సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పాపం నాన్న అంది. తర్వాత నవ్వింది.

అసలు డిస్కు వేశాను. నలభై ఒకటో నిమిషం, పదిహేడో సెకను. ఆపాను. అమ్మ చూసింది. మేమిద్దరం ఆమె వెనక కూర్చున్నాం, ముఖం కనపడలేదు. బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

“సాకే కొట్టు తనుకిరా ఇది.”

అవునమ్మా అన్నాను.

“ముప్పై ఒక్కేళ్ళు దీనికా నేను వేడన్నం పెట్టింది?”

అవునమ్మా అని మిత్సుయో కూడా అంది. అమ్మ ఇంకొంచెం ముందుకి వంగింది. ఆ కింద ఉన్నది చూసైనా మీకు అనుమానం రాలేదా, మీ నాన్న అంత భాగ్యవంతుడేం కాదు అంది. మిత్సుయో చాప మీద పడి దొర్లింది. నాకు నవ్వు రాలేదు. నేను ఏడుస్తున్నానని తర్వాత తెలిసింది. అమ్మకి చూపించాలని కొన్న టీవీలో, అమ్మకి చూపు తెప్పించి మరీ, ఉన్న ఒక్క నాన్ననీ లేకుండా చేశాను. రేపు గుడి గురువుగారు వచ్చి ఎవరి పేర మంత్రం చదువుతారు?

తమాషా ఏమిటంటే అమ్మ ఏడవలేదు. నేను ఒకటి అడగాలనుకున్నాను కదా, దీన్ని అడిగితే ఏం లాభం అని కాసేపు గొణుక్కుంది. తర్వాత, మీ నాన్న చెప్పని మాటలు ఉన్నాయేమో గాని చెప్పిన అబద్ధం లేదు, ఉన్నానన్నాడంటే ఉన్నట్టే, మొదటినుంచీ వెయ్యి అంది.

అప్పుడు తెలిసింది నాకు. సినిమా హాలులో తెర మీది జనంలో నాన్న కోసం వెతకడమే తప్ప, అమ్మ ఈ సినిమా ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఇన్నేళ్ళూ ఆ ఒక్క సెకనే చూపించాను. రెండు వందల సార్లు చూసిన నేను, ఆమెకి కథ కూడా చెప్పలేదు.

మొదటినుంచీ వేశాను. అమ్మకి కథ నచ్చింది. శాస్త్రవేత్త కూతుర్ని తిట్టింది. మార్కెట్ కనపడగానే పోయినవాళ్ళ పేర్లు చెప్పింది, అందులో నాన్న లేడు. యాభై ఎనిమిదో నిమిషంలో జబురాన్ నీళ్ళలోంచి లేచి రేవు మీదికి ఎక్కుతుంది. చేప తల, బల్లి ఒళ్ళు. పడవల్ని తన్నుకుంటూ మార్కెట్ వైపు నడుస్తుంది. కుడి భుజం కిందికి వాల్చి, ఎడమ పాదం బయటికి విసురుతూ. నాలుగు అడుగులు వేసి చిన్నగా ఒక గెంతు. మళ్ళీ నాలుగు అడుగులు, గెంతు.

ఆ గెంతు గురించి సంఘంలో నలభై ఏళ్ళుగా వాదన ఉంది. తీగ బిగుసుకుందని కొందరు. అది ఈదే రోజుల జ్ఞాపకమని నేను. పన్నెండు పేజీల వ్యాసం రాశాను.

అమ్మ లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టుకోకుండా లేవడం ఈ మధ్య ఎప్పుడూ చూడలేదు.

“అదుగో. అదే మీ నాన్న.”

ఎక్కడ అని ఇద్దరం అడిగాం. పడవల్లో వెతికాను, గిడ్డంగి కిటికీల్లో వెతికాను. అమ్మ తెర దగ్గరికి వెళ్ళి జబురాన్ వీపు మీద చెయ్యి పెట్టింది.

“ఇదేరా. మంచు దిమ్మ భుజం మీద జారకుండా అలా ఎగరేసుకునేవాడు. భుజం మీద ఏమీ లేకపోయినా ఎగరేసేవాడు. మా పెళ్ళిలో కూడా అలాగే నడిచొచ్చాడు.”

అది రబ్బరు తొడుగమ్మా అంది మిత్సుయో. లోపల మనిషి ఉంటాడు కదే అంది అమ్మ. నేను పుస్తకంలో ఉన్న పేరు చెప్పాను. ఆ తొడుగు వేసుకున్న నటుడు ఎవరో ప్రతి అభిమానికీ తెలుసు, మొదటి సన్నివేశం నుంచి చివరి దాకా ఆయనే. అమ్మ నా మాట వినలేదు. తెర మీద చెయ్యి అలాగే ఉంచి, ఆ ఆగస్టులో మూడు రోజులు అని మొదలుపెట్టింది.

ఆ మూడు రోజులు నాన్న ఆలస్యంగా వచ్చాడట. చెమటకి కరిగిపోయినట్టు, నిలబడలేక. చొక్కా విప్పితే వీపంతా పౌడరు. మెడ నుంచి నడుం దాకా తెల్లగా, తీపి వాసన. మార్కెట్లో మంచు మోసేవాడి వీపు మీద పౌడరు ఎక్కడిదని అమ్మ అడిగిందట. చెప్పకూడదు, మాటిచ్చాను అన్నాడట నాన్న. రేవు బారులో ఆడదానికి మాటిచ్చాడనుకుంది అమ్మ.

“రబ్బరు ఒంటికి అంటుకోకుండా పూస్తారేమో కదరా? పిల్లలు వింటారు, రాక్షసి లోపల మనిషి ఉన్నాడని చెప్పొద్దని మాట తీసుకుంటారేమో కదా?”

పూస్తారు. తీసుకుంటారు. ఆ రెండూ నాకు తెలుసు. ఆ రెండు విషయాల మీదా నేను ప్రసంగాలు ఇచ్చాను. తల ఊపాను.

“ఏడేళ్ళు. పోయేదాకా. ఆయన వైపు తిరిగి పడుకోలేదురా నేను. ముఖం చూసి, అది ఎవరని అడుగుదామనే ఈ కళ్ళు కోయించుకున్నది.”

మిత్సుయో అమ్మని పట్టుకుంది. తెర మీద జబురాన్ మా చేపల మార్కెట్ కప్పు పీకుతోంది. అమ్మ దాన్ని చూస్తూ, ఒక్క ముక్క చెబితే వీపు రుద్ది ఉండేదాన్ని కదా మొండిమనిషీ అని తిట్టింది.

నవంబర్ 18, ఆదివారం

పూజ జరిగింది.

పటం ఏదని గురువుగారు అడిగారు. అమ్మ టీవీ చూపించింది. యాభై ఎనిమిదో నిమిషం వేసి ఆపబోయాను. ఆపకు, నడవనీ అంది. ఆ ఒకటిన్నర నిమిషం మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టాను. గురువుగారు కళ్ళు మూసుకుని మంత్రం చదివారు. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచారు, మార్కెట్ కూలుతున్న చోట. గొంతు తడబడలేదు. ఊళ్ళో మంచి పేరున్న గురువు. అమ్మ, మిత్సుయో, నేను వరసగా వెళ్ళి అగరొత్తులు వెలిగించి జబురాన్‌కి వంగి దండం పెట్టాం. వెళ్ళేటప్పుడు ఆయన కథ చివరికి ఏమవుతుందని అడిగారు. భక్తి కుదరనివాళ్ళకని ఉంచిన కాపీ ఇచ్చేశాను.

మధ్యాహ్నం నుమత ఫోన్ చేశాడు. అంతా చెప్పాను. సంఘం దగ్గర చిత్రీకరణ రోజుల హాజరు పట్టీ నకలు ఉంది, ఆ మూడు రోజులూ తొడుగులో ఎవరున్నారో చూసి చెప్పనా అన్నాడు. ఇన్నేళ్ళలో ఎవరు ఏ వివరం ఇస్తానన్నా నేను వద్దన్నది లేదు. వద్దన్నాను.

ఆ డిస్కు ఇంకా ఎంత స్పష్టంగా వచ్చినా రావచ్చు. రబ్బరు మీద కుట్లు కనపడతాయి, రంగు పెచ్చులు కనపడతాయి. లోపల ఎవరున్నదీ ఏ కంపెనీ చూపించలేదు. సినిమా డిస్కుల గురించి నాకు తెలిసిన మంచి మాట ఇదొక్కటే.

మిత్సుయో ఆరు గంటల రైలుకి వెళ్ళింది. అమ్మ పెందలాడే పరుపు వెయ్యమంది. ఎప్పటిలాగే గోడ వైపు తల పెట్టి వేశాను. కాదు, తిప్పమంది. టీవీకి ఎదురుగా, దగ్గరగా వేశాను. ఒక పక్కకి ఒత్తిగిలి, జబురాన్ ఇంకా నడుస్తున్న తెర వైపు ముఖం పెట్టి పడుకుంది. ఆపేయనా అని అడిగాను. వద్దంది.